మంచు ఫలకం కింద భూపటలం మందం కొలవడం ఎలా? (ఉచిత డేటా, మామూలు ల్యాప్‌టాప్ చాలు)

జియోఫిజిక్స్ చదివేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు రెండు. అంటార్కిటికా వెళ్ళకుండా మంచు కింద భూపటలం మందం లెక్కగట్టొచ్చా అన్నది మొదటిది. లెక్కగట్టొచ్చు. అక్కడి స్టేషన్ల రికార్డులు చాలావరకు ఎవరైనా దించుకునేలా ఉన్నాయి. రెండోది అసలు చిక్కు: "పుస్తకంలో చెప్పినట్టే రిసీవర్ ఫంక్షన్ చేశాను. 40 కి.మీ. రావాల్సిన చోట 47 వచ్చింది. ఎక్కడ తప్పాను?" రిసీవర్ ఫంక్షన్ అంటే దూరపు భూకంపపు రికార్డులోంచి స్టేషన్ కింది పొరల జాడను విడదీసే లెక్క. ఈ గైడు ముఖ్యంగా ఆ రెండో ప్రశ్న కోసం. తప్పు దాదాపు ఎప్పుడూ పైనున్న మూడు కిలోమీటర్ల మంచును లెక్కలోకి తీసుకోకపోవడంలోనే ఉంటుంది.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. దూరంగా వచ్చిన భూకంపం తాలూకు పీ తరంగం (అన్నిటికంటే ముందు చేరే ఒత్తిడి తరంగం) కింది నుంచి వస్తూ భూపటలం అడుగున, అంటే మోహో దగ్గర, కొంత ఎస్ తరంగంగా (అడ్డంగా ఊగే తరంగంగా) మారుతుంది. ఎస్ నెమ్మది కాబట్టి పీ తర్వాత కొన్ని సెకన్లకు స్టేషన్‌కు చేరుతుంది. ఆ ఆలస్యమే మందానికి కొలబద్ద. రాతి మీది స్టేషన్‌లో కథ ఇంతే. మంచు మీద మాత్రం తరంగం మంచు అడుగుకూ ఉపరితలానికీ మధ్య బంతిలా ఎగురుతుంది. రాతితో పోలిస్తే మంచు చాలా తేలిక, చాలా నెమ్మది. అందుకే ఎస్ తరంగం అడుగును తాకిన ప్రతిసారీ దాని ఆంప్లిట్యూడ్‌లో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి పైకే వస్తుంది. ఈ గోల మధ్యలోంచి మోహోని ఏరుకోవాలి.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. పైథాన్, అందులో భూకంప డేటా చదివే ఆబ్స్‌పై లైబ్రరీ, రిసీవర్ ఫంక్షన్ల కోసం ఆర్ఎఫ్ లేదా సీస్‌పై ప్యాకేజీ.
- ఎర్త్‌స్కోప్ డేటా కేంద్రం నుంచి భూకంప రికార్డులు. పాత పేపర్లలో ఐరిస్ అని కనబడేది ఇదే. 2023లో ఐరిస్, యునావ్‌కో కలిసి ఎర్త్‌స్కోప్ అయ్యాయి.
- స్టేషన్ కింద మంచు మందం. అంటార్కిటికాకైనా గ్రీన్‌లాండ్‌కైనా బెడ్‌మెషీన్ గ్రిడ్ (మంచు మందాన్ని గడులవారీగా ఇచ్చే పటం) చాలు.
- కృత్రిమ సిస్మోగ్రామ్ (మనం ఊహించిన పొరలకు లెక్కగట్టిన భూకంప రికార్డు) తయారుచేసే ప్రోగ్రామ్ ఒకటి: హెర్మన్ ప్రోగ్రాముల కట్ట గానీ, టెలివేవ్‌సిమ్ గానీ, పైరేసమ్ గానీ. ఇది లేకుండా మొదలుపెట్టకండి. 5వ మెట్టు దీని మీదే నిలబడుతుంది.

1. స్టేషన్ ఎంచుకోండి

కొత్తవాళ్ళకు మంచి ప్రయోగశాల తూర్పు అంటార్కిటికాలోని గాంబుర్ట్‌సెవ్ పర్వతాల ప్రాంతం. ఆల్ప్స్‌ను తలపించే ఈ కొండలు పూర్తిగా మంచు కిందే ఉన్నాయి. అంతర్జాతీయ ధ్రువ సంవత్సరంలో భాగంగా గామ్‌సీస్ బృందం అక్కడ మంచు మీద బ్రాడ్‌బ్యాండ్ సెన్సర్లు పాతింది. ఆ నెట్‌వర్క్ కోడ్ జెడ్ఎం, రికార్డులు 2007 చివర నుంచి దొరుకుతాయి. పశ్చిమ అంటార్కిటికా కావాలంటే పోల్‌నెట్ (కోడ్ వైటీ). గ్రీన్‌లాండ్‌లో నేరుగా మంచు మీద ఉన్నవి కావాలంటే సమ్మిట్, డై-2, ఐస్‌ఎస్‌జీ స్టేషన్లు.

జాగ్రత్త: తాత్కాలిక నెట్‌వర్క్‌ల కోడ్‌లను కొన్నేళ్ళ తర్వాత వేరే ప్రయోగాలకు మళ్ళీ ఇస్తారు. కోడ్‌తో పాటు సంవత్సరం కూడా ఇవ్వకపోతే ఏదో ఎడారిలోని స్టేషన్ డేటా మీ ఫోల్డర్‌లో పడుతుంది.

మొదటిసారి చేసేటప్పుడు రెండు రకాల చోట్లను వదిలేయండి. ఒకటి, రాస్ ఐస్ షెల్ఫ్ లాంటి తేలే మంచు. రెండోది, వోస్టోక్ లాంటి మంచు కింది సరస్సుల పైభాగం. నీటిలో ఎస్ తరంగం ప్రయాణించదు కాబట్టి మోహో నుంచి వచ్చే ఎస్ మీ సెన్సర్ దాకా చేరనే చేరదు.

పద్ధతి చేతికి అలవాటు కావాలంటే ముందు ఒక రాతి స్టేషన్ మీద చేసి చూడండి. భారత్ మైత్రి స్థావరం ఉన్న షిర్మాకర్ ఒయాసిస్‌లో మంచు లేని రాయే ఉంది. అక్కడి భూకంప నమోదు కేంద్రాన్ని నడిపేది మన హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ). అలాంటి చోట పుస్తకపు పద్ధతి ఉన్నదున్నట్టు పనిచేస్తుంది. తేడా అప్పుడు కళ్ళకు కడుతుంది.

2. భూకంపాలు ఏరండి, కిటికీలే దించండి

పీ పద్ధతికి: తీవ్రత 5.5 పైన, దూరం 30 నుంచి 90 డిగ్రీలు (భూకంపానికీ స్టేషన్‌కూ మధ్య దూరాన్ని భూమి కేంద్రం దగ్గరి కోణంగా కొలుస్తారు). ఎస్ పద్ధతికి (6వ మెట్టు): తీవ్రత 5.8 పైన, దూరం 60 నుంచి 80 డిగ్రీలు. 85 దాటితే భూగర్భ కేంద్రం గుండా వచ్చే ఎస్‌కేఎస్ తరంగం ఎస్‌లో కలిసిపోతుంది.

రోజుల తరబడి నిరంతర డేటా దించాల్సిన పని లేదు, తరంగం రాక చుట్టూ ఉన్న చిన్న కాలపు ముక్క, అంటే కిటికీ, చాలు. పీ రాకకు 30 సెకన్ల ముందు నుంచి 120 సెకన్ల తర్వాత వరకు, మూడు కాంపొనెంట్లూ (నిలువు, ఉత్తర–దక్షిణ, తూర్పు–పడమర కదలికలు), సెకనుకు 40 నమూనాల చానల్ తీసుకుంటే చాలు. ఎస్‌కు ముందు, వెనక 100 సెకన్ల చొప్పున. వందల భూకంపాలకు కూడా మొత్తం కొన్ని ఎంబీలే అవుతుంది.

దిక్కుల సంగతి ముందే తెలుసుకోండి. దక్షిణ ధ్రువం దగ్గరి స్టేషన్‌కు మంచి భూకంపాలు ఫిజీ–టోంగా, దక్షిణ అమెరికా పడమటి తీరం, సౌత్ శాండ్‌విచ్ దీవులు, న్యూజిలాండ్ వైపుల నుంచే ఎక్కువ వస్తాయి. మిగతా దిక్కులు ఖాళీగా ఉంటే తప్పు మీది కాదు. కానీ ఫలితం రాసేటప్పుడు ఆ విషయం రాయాలి.

3. శుభ్రం చేయండి

సగటు, వాలు తీసేయండి. చివర్లు 5 శాతం టేపర్ చేయండి, అంటే మెల్లగా సున్నాకు తగ్గించండి. 0.05 నుంచి 2 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టి సెకనుకు 20 నమూనాలకు దించండి. తర్వాత నాణ్యత జల్లెడ: పీ తర్వాతి 30 సెకన్ల శక్తి, పీకి ముందరి 25 సెకన్ల శక్తికి కనీసం మూడు రెట్లు ఉండాలి. దక్షిణ సముద్రపు తుపానుల అలజడి 5 నుంచి 10 సెకన్ల పీరియడ్‌లో గట్టిగా ఉంటుంది. మీకు కావాల్సిన సంకేతం కూడా ఆ పక్కనే ఉంది కనుక జల్లెడ సడలించకండి.

గడియారం గురించి చాలామంది భయపడతారు. చలికాలంలో కరెంటు పడిపోయినా, జీపీఎస్ యాంటెనా మంచులో కూరుకుపోయినా సమయం తప్పుతుంది, నిజమే. కానీ మూడు కాంపొనెంట్లూ ఒకే డిజిటైజర్‌లో నమోదవుతాయి. రిసీవర్ ఫంక్షన్ కొలిచేది వాటి మధ్య తేడానే. గడియారం రెండు సెకన్లు తప్పినా మీ మందం మారదు, కిటికీ కొంచెం జరపాల్సి వస్తుందంతే.

భయపడాల్సింది సెన్సర్ దిక్కు గురించి. అయస్కాంత ధ్రువానికి దగ్గర్లో దిక్సూచి నమ్మదగిన సాధనం కాదు. మంచు స్థిరపడేటప్పుడు సెన్సర్ వాలిపోవడమూ మామూలే. పరీక్ష సులువు. సెన్సర్‌ను మనసులో 5 డిగ్రీల చొప్పున తిప్పుతూ, పీ రాకలో అడ్డ కాంపొనెంట్ (భూకంపం దిశకు లంబంగా ఉన్న కదలిక) శక్తి ఎక్కడ అతి తక్కువగా ఉందో చూడండి. కనీసం 15 భూకంపాలకు ఆ కోణం దాదాపు ఒకటే వచ్చి, అది 10 డిగ్రీలు మించితే సరిచేయండి. ఒక్కో భూకంపానికి ఒక్కో కోణం వస్తే దిక్కు తప్పలేదు, శబ్దం ఎక్కువైంది.

4. తిప్పి, డీకాన్వల్యూషన్ చేయండి

నిలువు, రేడియల్ (భూకంపం ఉన్న దిశ వెంట), అడ్డ దిశలకు తిప్పండి. రేడియల్‌ను నిలువుతో డీకాన్వాల్వ్ చేయండి, అంటే రెంటిలోనూ ఉన్న భూకంప మూలపు ఆకారాన్ని తీసేయండి. టైమ్ డొమైన్‌లో మెట్టుమెట్టుగా శిఖరాలు ఏరే పద్ధతి వాడండి, 200 ఆవృత్తులు చాలు. వాటర్ లెవెల్ పద్ధతి (పౌనఃపున్యాల్లో భాగించి చేసే డీకాన్వల్యూషన్) మంచు మీద అదనపు మోతలు పుట్టిస్తుంది. రికార్డులో ఉన్న మోతలే ఎక్కువ, పద్ధతి నుంచి కొత్తవి అక్కర్లేదు.

ప్రతి భూకంపానికీ రెండు కాపీలు చేయండి: గాస్సియన్ (ఎక్కువ పౌనఃపున్యాలను తగ్గించి నునుపు చేసే ఫిల్టర్) 2.5తో ఒకటి, 1.0తో ఒకటి. మొదటిది సుమారు 1.2 హెర్ట్జ్ వరకు చూపిస్తుంది, మంచు వివరాలు అందులో కనబడతాయి. రెండోది సుమారు 0.5 హెర్ట్జ్ వరకే, మోహో అందులో నునుపుగా కనబడుతుంది. రెంటిలో ఒకే చోట ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

5. మోహోని వెతికే ముందు మంచు ప్రతిధ్వనుల పట్టిక రాసుకోండి

అసలు పని ఇక్కడే. దీన్ని దాటేసినవాళ్ళే 47 దగ్గర ఇరుక్కుంటారు.

లెక్క కాగితం మీదే అవుతుంది. మంచులో పీ వేగం సెకనుకు 3.8 కి.మీ., ఎస్ వేగం 1.9. రే పారామీటర్ (తరంగం ఎంత వాలుగా వస్తోందో చెప్పే అంకె) కిలోమీటరుకు 0.06 సెకన్లు తీసుకోండి. వేగం వర్గానికి విలోమం కట్టి, అందులోంచి రే పారామీటర్ వర్గం తీసేసి, వర్గమూలం తీయండి. కిలోమీటరుకు పీకి 0.256 సెకన్లు, ఎస్‌కు 0.523 వస్తాయి. మంచు 3 కి.మీ. అయితే ఒక్కసారి దాటడానికి పీకి 0.77 సెకన్లు, ఎస్‌కు 1.57.

తరంగం మంచును ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టండి. సెన్సర్ పైన ఉంది కాబట్టి అది బేసి సంఖ్యే అవుతుంది: 1, 3, 5. ఆ దాట్లలో ఎన్ని ఎస్, ఎన్ని పీ అన్నదాన్ని బట్టి సమయాలు కూడండి, చివర 0.77 తీసేయండి. ఎందుకంటే సున్నా అనేది నేరుగా వచ్చిన పీ రాక.

- 1 దాటు, ఎస్: 0.80 సె.
- 3 దాట్లు, ఒకటి ఎస్: 2.34 సె.
- 3 దాట్లు, రెండు ఎస్: 3.14 సె.
- 3 దాట్లు, మూడూ ఎస్: 3.94 సె.
- 5 దాట్లు, రెండు ఎస్: 4.68 సె.
- 5 దాట్లు, మూడు ఎస్: 5.48 సె.

ఇప్పుడు మోహో. భూపటలం 40 కి.మీ., పీ వేగం 6.4, ఎస్ వేగం 3.7 అనుకోండి. అదే సూత్రంతో కిలోమీటరుకు ఎస్, పీ తేడా 0.119 సెకన్లు, 40 కి.మీ.కు 4.77. ఆ ఎస్ తరంగం చివర్లో మంచును కూడా ఎస్‌గానే దాటాలి కాబట్టి ఇంకో 0.80 కలుస్తుంది. మొత్తం 5.57 సె.

ఇక్కడ రెండు గుంటలు ఉన్నాయి. మొదటిది, 5.57ను నేరుగా 0.119తో భాగిస్తే దాదాపు 47 కి.మీ. వస్తుంది. మంచు వాటా 0.80 తీసేశాకే భాగించాలి. రెండోది ఇంకా లోతైనది: మంచు ప్రతిధ్వని 5.48 దగ్గర, మోహో 5.57 దగ్గర. గాస్సియన్ 1.0తో ఈ రెంటినీ విడదీయడం అసాధ్యం. మీరు మోహో అని గుర్తుపెట్టిన శిఖరం వట్టి మంచు కావచ్చు.

కాబట్టి మీ స్టేషన్ మంచు మందంతో ఈ పట్టిక కట్టుకోండి. తర్వాత కృత్రిమ సిస్మోగ్రామ్ రెండుసార్లు తయారుచేయండి: మంచు కింద మోహో ఉన్నట్టు ఒకసారి, మంచు కింద అడుగులేని ఒకే రాయి ఉన్నట్టు ఇంకోసారి. రెంటినీ మీ అసలు డేటాకు వాడిన అదే ఫిల్టర్, అదే గాస్సియన్ గుండా పంపి ఒకదాని మీద ఒకటి గీయండి. తేడా ఉన్న చోట్లే మోహో మాట్లాడుతుంది. తేడా లేని శిఖరాలన్నీ మంచువి.

మంచు మందంలో ఎంత పొరపాటు ఫర్వాలేదు? 100 మీటర్లు తప్పితే 0.80 సెకన్ల మంచు వాటా 0.03 సెకన్లే మారుతుంది, భూపటలం మందంలో 200 మీటర్ల తేడా. అది పెద్ద విషయం కాదు. కానీ అదే తప్పు 5.48 ప్రతిధ్వనిని 0.18 సెకన్లు జరుపుతుంది. అందుకే బెడ్‌మెషీన్ నుంచి మందంతో పాటు పొరపాటు గ్రిడ్ కూడా తీసి, రెండు అంచుల దగ్గరా పట్టిక కట్టండి. పై పొరలోని గట్టిపడని మంచు, అంటే ఫర్న్, సుమారు వంద మీటర్లు ఉంటుంది. ఈ పౌనఃపున్యాల్లో దాని ప్రభావం తక్కువ. మొదటి విడతలో వదిలేయొచ్చు.

హెచ్-కాపా స్టాకింగ్ (రికార్డులను కూడి, మందాన్నీ పీ–ఎస్ వేగాల నిష్పత్తినీ కలిపి వెతికే లెక్క) అలవాటున్నవాళ్ళకు ఒక మాట. ప్యాకేజీలో వచ్చే ఆ ప్రోగ్రామ్‌కు మంచు తెలియదు. 2.3, 3.1 సెకన్ల మోతలను అది నిజమైన సంకేతాలుగా కూడేసి, పీ–ఎస్ వేగాల నిష్పత్తి 2 దగ్గరకు లాగి ఒక చక్కటి శిఖరం చూపిస్తుంది. చక్కగా ఉంది కదా అని నమ్మితే పప్పులో కాలేసినట్టే. పైన మంచు పొర చేర్చిన రూపంలోనే స్టాకింగ్ చేయండి, లేదా ఉపరితలం మీద నమోదైన తరంగాలను లెక్కతో మంచు అడుగుదాకా కిందికి దించి మోతలు తీసేసే పద్ధతి నేర్చుకోండి.

6. ప్రత్యామ్నాయం: ఎస్ రిసీవర్ ఫంక్షన్

మంచు మందం 2 కి.మీ. దాటితే మా సలహా ఇదే. మోహో దగ్గర ఎస్ నుంచి పీగా మారిన తరంగం, ఎస్ కంటే ముందే వస్తుంది. ఎస్ పుట్టించే మంచు ప్రతిధ్వనులన్నీ ఎస్ తర్వాత వస్తాయి. ముందు వైపు కిటికీ చాలావరకు శుభ్రం. గాంబుర్ట్‌సెవ్ ప్రాంతంలో మొదట భరోసా ఉన్న అంకెలు వచ్చింది ఇలాగే.

చేసే తీరు: 0.03 నుంచి 0.5 హెర్ట్జ్ ఫిల్టర్. కిరణం వెంట ఉండే దిశకూ దానికి లంబంగా ఉండే దిశకూ తిప్పండి. ఎస్ ఉన్న కాంపొనెంట్‌తో పీ కాంపొనెంట్‌ను డీకాన్వాల్వ్ చేయండి. కాలాన్ని తిరగేయండి, గుర్తు కూడా తిరగేయండి. గుర్తు మరిచిపోతే మోహో లోయలా కనబడుతుంది. దాన్ని చూసి "తక్కువ వేగపు పొర దొరికింది" అని రాసేసినవాళ్ళు ఉన్నారు.

తిప్పే కోణం దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. ప్యాకేజీలు ఉపరితలంలో రాయి ఉందనుకుంటాయి. రే పారామీటర్ 0.06 ఉన్న పీ, రాతిలో 20 డిగ్రీల వాలుతో వస్తే మంచులో 13 డిగ్రీలతోనే వస్తుంది. ఉపరితల వేగాలు 3.8, 1.9గా మార్చండి. లేదా ఎస్ రాక దగ్గర పీ కాంపొనెంట్ శక్తి అతి తక్కువయ్యే కోణం వెతికి అదే వాడండి.

ఎక్కడ చూడాలి? పై ఉదాహరణకే, రే పారామీటర్ 0.10 తీసుకుంటే భూపటలం వాటా 5.24, మంచు వాటా 0.82, మొత్తం ఎస్‌కు 6.1 సెకన్ల ముందు. మారిన ఆ పీ తరంగం కూడా మంచులో ఒకసారి ఎగిరి, సుమారు 1.5 సెకన్ల తర్వాత చిన్న నీడలా కనబడొచ్చు. దాన్ని రెండో పొర అనుకోకండి.

దీనికి చెల్లించే మూల్యం స్పష్టత. తక్కువ పౌనఃపున్యం వల్ల శిఖరం వెడల్పుగా ఉంటుంది. వడపోత తర్వాత మిగిలేవి కూడా కొద్దే, రెండేళ్ళ డేటాకు ఇరవై దొరికినా సంతోషించాలి. ఒక్కో భూకంపాన్ని విడిగా నమ్మకండి, కూడిన స్టాక్‌నే చూడండి.

7. సమయాన్ని మందంగా మార్చండి

మంచు వాటా తీసేశాక మిగిలిన ఆలస్యాన్ని కిలోమీటరుకు వచ్చే ఎస్, పీ తేడాతో (5వ మెట్టులోని 0.119 లాంటిది) భాగించండి. ప్రతి భూకంపానికీ దాని రే పారామీటరే వాడాలి, సగటు వాడితే దూరపు, దగ్గరి భూకంపాలు కలిసి శిఖరం మసకబారుతుంది.

పీ–ఎస్ నిష్పత్తి 1.73 అనుకుని 40 కి.మీ. వచ్చిన చోట 1.78 పెడితే సుమారు 37.5 వస్తుంది. ఆలస్యం ఒక్కటే చూసి ఈ రెంటిలో ఏది నిజమో చెప్పలేం. వీలైతే రేలీ తరంగాల (ఉపరితలం వెంట వెళ్ళే తరంగాల) వేగాలతో కలిపి ఇన్వర్షన్ చేయండి, అంటే రెండు కొలతలకూ సరిపోయే పొరల నమూనా వెతకండి. వీలుకాకపోతే 1.70 నుంచి 1.80 వరకు మార్చి వచ్చే అంతరాన్ని పొరపాటులో కలపండి. దానికి తోడు భూకంపాలను యాదృచ్ఛికంగా 200 సార్లు ఏరి స్టాక్ చేసి, ఆ చెదురుదనాన్నీ కలపండి. మంచు మీది స్టేషన్‌కు మీ పొరపాటు 1 కి.మీ. కంటే తక్కువ వస్తే, ఏదో లెక్కలోకి తీసుకోలేదని అర్థం.

8. ఫలితం సరైందేనా?

- దూరం మారితే కదలాలి. రే పారామీటర్ వరుసలో పేర్చి గీయండి. నేరుగా మారిన మోహో సంకేతం దగ్గరి భూకంపాలకు కొంచెం ఆలస్యంగా, దూరపు వాటికి కొంచెం ముందుగా రావాలి. ప్రతిధ్వనులు దీనికి ఎదురు దిశలో వంగుతాయి.
- దిక్కు మారితే శిఖరం ఒక సెకను పైన జరుగుతుంటే, మంచు అడుగు వాలుగా ఉంది లేదా కింద అవక్షేపాల లోయ ఉంది. దిక్కుల వారీగా విడదీసి మళ్ళీ చేయండి. మంచుకూ రాతికీ మధ్య మెత్తని అవక్షేపం ఉంటే 0.80 శిఖరం వెడల్పవుతుంది లేదా రెండుగా చీలుతుంది. ఒకే మంచు పొర నమూనా అక్కడ చాలదు.
- పీ, ఎస్ పద్ధతులు రెండూ చేసి పోల్చండి. 4 కి.మీ. లోపు కలిస్తే బాగున్నట్టు. కలవకపోతే, 2 కి.మీ. దాటిన మంచు మీద ఎస్ పక్షాన నిలబడండి.
- ప్రాంతపు అంకెలతో సరిచూడండి. గాంబుర్ట్‌సెవ్ కింద ఎస్ పద్ధతిలో వచ్చిన మందం సుమారు 55–58 కి.మీ., చుట్టూ ఉన్న తూర్పు అంటార్కిటికాలో 40–45. పశ్చిమ అంటార్కిటికా రిఫ్ట్‌లో (భూపటలం సాగి పల్చబడిన ప్రాంతంలో) అంతకంటే చాలా పల్చన, 20–30 కి.మీ. రిఫ్ట్ మధ్యలో మీకు 45 వచ్చిందంటే కొత్త విషయం కనిపెట్టామని సంబరపడకుండా 5వ మెట్టుకు వెనక్కి వెళ్ళండి.

9. రాసేటప్పుడు ఏ మట్టం నుంచో చెప్పండి

ఒకే స్టేషన్‌కు మూడు అంకెలు రాయొచ్చు, మూడూ నిజమే. మంచు ఉపరితలం సముద్ర మట్టానికి 3.5 కి.మీ. ఎత్తున ఉంది, మంచు 3 కి.మీ., భూపటలం 40 కి.మీ. అనుకుందాం. ఉపరితలం నుంచి మోహో లోతు 43. సముద్ర మట్టం నుంచి 39.5. రాతి మొదలైన చోటు నుంచి 40. పేపర్లలో మంచును కలిపి రాసినవీ ఉన్నాయి, కలపకుండా రాసినవీ ఉన్నాయి. పోల్చే ముందు వాళ్ళ పట్టిక శీర్షిక చదవండి. మీ పట్టికలో మాత్రం నాలుగు గడులు పెట్టండి: ఉపరితల ఎత్తు, మంచు మందం, రాతి భూపటలం మందం, సముద్ర మట్టం నుంచి మోహో. వాడిన వేగాలు, గాస్సియన్ విలువ, మిగిలిన భూకంపాల సంఖ్య ఆ కిందే రాసేయండి.